రెండో కేసు ఎక్కడ పుడుతోందో చూడండి: ఆటోనగర్ షెడ్డు నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర హోం మంత్రి గారికి, మహిళా శిశు సంక్షేమ మంత్రి గారికి, డీజీపీ గారికి, జువెనైల్ జస్టిస్ బోర్డుల సభ్యులకు, జిల్లా న్యాయసేవాధికార సంస్థల కార్యదర్శులకు, నాలాగే షెడ్లు నడుపుకుంటున్న ఆటోనగర్ యజమానులకు,

నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు క్యాబిన్ కట్టే షెడ్డు నాది. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. టింకరింగ్, వెల్డింగ్, పెయింటింగ్ అన్నీ కలిపి తొమ్మిది మంది పనిచేస్తారు. ఉత్తరాలు రాయడం నాకు అలవాటు లేదు. చట్టం మాట వచ్చిన చోటల్లా మా వీధిలో ఉండే లాయరమ్మ దగ్గర కూర్చుని సరిచూసుకుని రాశాను. మిగతాదంతా నా కళ్లముందు జరిగిందే.

2016 నుంచి ఇప్పటిదాకా దొంగతనం కేసుల్లో హోమ్‌కో (మైనర్లను ఉంచే ప్రభుత్వ గృహం) జైలుకో వెళ్లొచ్చిన కుర్రాళ్లను పదకొండు మందిని పనిలో పెట్టుకున్నాను. ఏడుగురు నిలబడ్డారు. నలుగురు మళ్లీ వెళ్లారు. ఆ నలుగురి గురించే ఈ లేఖ. ఏడాదిన్నర కిందట ఇదే విషయం మీద రెండు ఆఫీసుల్లో అర్జీలు ఇచ్చాను. ఒకచోట రసీదు చేతిలో పెట్టారు, అంతే. రెండో చోటి నుంచి మీ అర్జీ పరిష్కరించబడినది అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. నాతో ఎవరూ మాట్లాడలేదు, షెడ్డుకు ఎవరూ రాలేదు, ఏం పరిష్కరించారో ఇవాళ్టికీ తెలీదు. అందుకని అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మా తమ్ముడి భార్య మెడలో గొలుసు లాగితే ఆమె బండి మీంచి పడి భుజం విరిగింది. ప్లేటు వేశారు. ఇప్పటికీ ఆ చేత్తో బిందె ఎత్తలేదు. లాగినవాడికి పంతొమ్మిదేళ్లు, అది వాడి మూడో కేసు. ఆమె ముందు నిలబడి "పాపం, చిన్నపిల్లాడు కదమ్మా" అనే ధైర్యం నాకు లేదు. కాబట్టి నేను జాలి అడుగుతున్నానని ఎవరూ అనుకోవద్దు. వాడి మొదటి కేసు పదిహేనేళ్లప్పుడు, మూడోది పంతొమ్మిదేళ్లప్పుడు. నడుమ నాలుగేళ్లు వాడు మైనర్ల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డులు, స్టేషన్లు, ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. అప్పుడే ఎవరో ఒకరు పట్టుకుని ఉంటే మా మరదలు ఆస్పత్రి పాలయ్యేది కాదు.

మొదటి కేసు చాలాసార్లు ఎలా ఉంటుందో చెబుతాను. తొమ్మిదో తరగతి మధ్యలో మానేసిన పిల్లాడు. నాన్న ముఠా పనికి వెళ్తాడు, వచ్చిన దాంట్లో సగం తాగుడుకే. అమ్మ నాలుగిళ్లలో పాచి పని. సందు చివర తాళం మరిచిపోయిన బండి కనపడుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి ఎక్కుతారు, పెట్రోలు అయిపోయేదాకా తిరుగుతారు, కాలవగట్టున పడేసి ఇంటికొస్తారు. అమ్ముకోవడం కూడా తెలీదు వాళ్లకు. తప్పే, కాదనను. బండి పోగొట్టుకున్నవాడు వాయిదాల మీద కొనుక్కుని ఉంటాడు, అతని బాధ అతనిది. కానీ ఆ కుర్రాడికి దొంగతనం ఒక బతుకుతెరువు అయ్యేది అప్పుడు కాదు. హోమ్ నుంచి బయటికొచ్చాక మొదటి మూడు నెలల్లో అవుతుంది. ఆ మూడు నెలల్లో వాడికి ఏం జరుగుతోందో కింద రాస్తున్నాను.

కుర్రాళ్ల పేర్లు రాయను, ఏ పేట వాళ్లో కూడా రాయను. పేరు రాయొద్దని చట్టమే చెప్పింది. పేట పేరు రాస్తే ఆ పేట పిల్లలెవరికీ రేపు ఆటోనగర్‌లో పని దొరకదు, అది నాకు తెలుసు.

1. బడికీ పనికీ మధ్య నాలుగేళ్లు

విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్లతో ఆగిపోతుంది. ఎనిమిదో తరగతి లోపు పిల్లాడు బడికి రాకపోతే టీచరు ఇంటికొచ్చి అడుగుతాడు. తొమ్మిదిలో మానేస్తే అడిగే దిక్కు లేదు. తల్లికి వందనం డబ్బు కూడా బడికెళ్లే పిల్లాడి తల్లికే. మానేసినవాడి తల్లికి ఆ డబ్బూ రాదు, కొడుకు మీద పట్టూ ఉండదు. పోనీ పనిలో పెడదామంటే పద్దెనిమిది నిండనివాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. అది న్యాయమే, నేనూ చిన్నవాళ్లను గ్యాస్ కటింగ్ దగ్గరికి రానివ్వను. అంటే పద్నాలుగుకీ పద్దెనిమిదికీ మధ్య వాడు ఎక్కడ ఉండాలో మనం ఎవరమూ చెప్పలేదు. వీధిలో ఉంటాడు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో మైనర్ల మీద 30,555 కేసులు నమోదయ్యాయి. పట్టుబడినవాళ్లలో నాలుగింట మూడొంతుల కంటే ఎక్కువమంది 16 నుంచి 18 ఏళ్ల మధ్యవాళ్లు. ఇంకోటి కూడా ఆ లెక్కల్లో ఏటా కనపడుతుంది: వాళ్లలో ఎక్కువమంది అమ్మానాన్నలతో ఉంటున్నవాళ్లే. దిక్కులేని వీధి పిల్లలు చేస్తారనుకుంటాం గానీ, రాత్రికి ఇంటికెళ్లి అన్నం తినే పిల్లలే వీళ్లు.

హోమ్ నుంచి వచ్చిన పిల్లాణ్ని నెలలోపు ఓపెన్ స్కూల్లోనో ఐటీఐలోనో చేర్చే బాధ్యత ఫలానా అధికారిది అని పేరుతో సహా ఉత్తర్వు ఇవ్వండి. ఇప్పుడు పాత బడికి వెళ్లి టీసీ అడగడానికే ఆ తల్లికి మొహం చెల్లడం లేదు.

2. జామీను ఇచ్చేవాడే పని చెబుతాడు

నలుగురిలో మొదటివాడి సంగతి ఇది. వాళ్లమ్మ ఇంట్లోనే బట్టలు కుట్టేది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు వాళ్లింట్లో వారం రోజులు నీళ్లు నిలబడ్డాయి. కుట్టుమిషను పాడైంది. ఆవిడ ఇళ్లలో పనికి కుదిరింది. ఆర్నెల్లకు కొడుకు బండి కేసులో దొరికాడు. లాయరుకనీ, తిరుగుళ్లకనీ, బెయిలుకనీ 25,000 అప్పు చేసింది, నూటికి నెలకు పది రూపాయల వడ్డీకి. ఆవిడకు నెలకు వచ్చేది 8,000. ఇంటద్దె 3,500, వడ్డీ 2,500. మిగిలిన 2,000తో ముగ్గురు బతకాలి, అసలు అలాగే ఉంటుంది. 2015లో మా ఊళ్లో కాల్‌మనీ (అధిక వడ్డీ అప్పుల) గొడవ బయటపడినప్పుడు రాష్ట్రమంతా ముక్కున వేలేసుకుంది. ఆ వ్యాపారం పోయిందని ఎవరైనా అనుకుంటుంటే ఒకసారి మా షెడ్డుకు వచ్చి కుర్రాళ్లను అడగండి.

జామీను పడ్డవాడు వాళ్ల పేటలో "అన్న". ఉచితంగానే పడ్డాడు. వాడు పిల్లాణ్ని డబ్బు అడగలేదు, పని అడిగాడు. ముందు ఒక సంచీ ఫలానా చోట ఇచ్చి రమ్మన్నాడు. తర్వాత రెండు బండ్లు కావాలన్నాడు. కాదంటే జామీను వెనక్కి తీసుకుంటానన్నాడు. నా దగ్గర రోజుకు 450 తీసుకునే కుర్రాడు అన్న మాట కాదనలేకపోయాడు. నేను ఐదు వేలు అడ్వాన్సు ఇచ్చాను. అది వడ్డీకే సరిపోయింది.

లాయరమ్మ చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం పిల్లాణ్ని జామీనుతో అయినా, జామీను లేకుండా అయినా వదిలిపెట్టొచ్చు. ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో పెట్టొచ్చు, నమ్మకమైన తగిన వ్యక్తికి అప్పగించొచ్చు. తెలిసిన నేరస్తులతో కలిసే ప్రమాదం ఉంటే బెయిలు ఆపొచ్చని కూడా అదే సెక్షన్ అంటుంది. మరి ఆ నేరస్తుడే వచ్చి జామీను సంతకం పెడుతుంటే ఎవరూ చూడకపోతే ఎలా? లాయరు ఖర్చు కూడా పెట్టక్కర్లేదట. పిల్లలకు, ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, నిర్బంధంలో ఉన్నవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వమే లాయరును ఇవ్వాలి. 15100కు ఫోన్ చేస్తే చాలట. ఆ నంబరు ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. ఇరవై ఆరేళ్లుగా ఊళ్లో ఉంటున్న నాకే తెలీదు.

బోర్డు సభ్యులకు నా విన్నపం: మైనర్ల చిన్న కేసుల్లో జామీను లేకుండా వదలడాన్ని మామూలు పద్ధతి చేయండి. ఎవరైనా జామీను పడితే అతనెవరో, పిల్లాడికి ఏమవుతాడో అడిగి రాసుకోండి. పోలీసు అధికారులకు: పిల్లాణ్ని తెచ్చిన గంటలోపు ఇంట్లోవాళ్లకు 15100 నంబరు కాగితం మీద రాసివ్వండి. దీనికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

3. వాయిదాలు

రెండోవాడు మంచి పనిమంతుడు. రేకు వంచడం మూడు నెలల్లో నేర్చుకున్నాడు. వాయిదా ఉన్నరోజు కూలీ పోతుంది, బస్సు ఖర్చు, వెంట వచ్చే అమ్మ కూలీ కూడా పోతుంది. పొద్దున పదికి వెళ్లి సాయంత్రం నాలుగింటికి మళ్లీ తారీఖు తెచ్చుకుని వస్తాడు. ఒకసారి లారీ డెలివరీ ఇవ్వాల్సిన రోజూ వాయిదా రోజూ ఒకటే అయ్యాయి. మిగతా పనివాళ్లు సణిగారు, వాడు మొహమాటపడి కోర్టుకు వెళ్లలేదు. తర్వాతి నెల జ్వరం. రెండు వాయిదాలు తప్పేసరికి ఇంటికి పోలీసులొచ్చారు. భయపడి పారిపోయాడు. ఎక్కడ తిన్నాడో ఎక్కడ పడుకున్నాడో, నలభై రోజుల తర్వాత రైల్వే స్టేషన్లో సెల్‌ఫోన్ కొట్టేస్తూ దొరికాడని తెలిసింది.

చట్టం ఏమంటోందో వినండి. బోర్డు ముందు మొదటిసారి హాజరుపరచిన నాటి నుంచి నాలుగు నెలల్లో విచారణ ముగించాలి, కావాలంటే ఇంకో రెండు నెలలు. గరిష్ఠ శిక్ష మూడేళ్లకు మించని చిన్న నేరమైతే, అప్పటికీ తేలకపోతే విచారణ అంతటితో ముగిసిపోయినట్టే. 14వ సెక్షన్ అది. మామూలు దొంగతనం చిన్న నేరాల కిందికే వస్తుంది. నా కుర్రాడు తిరిగింది ఇరవై రెండు నెలలు. అంటే పదహారు నెలలు లేని కేసుకు వాయిదాలు తిరిగాడు, దాంతో భయపడి రెండో కేసు తెచ్చుకున్నాడు.

ప్రతి బోర్డులో ఆరు నెలలు దాటిన చిన్న కేసుల జాబితా తీయించి మూసేయండి. మిగిలినవాటికి పనిరోజు పాడవకుండా పొద్దున్నే పిలిచి పంపేయండి.

4. ఊళ్లో ఏది పోయినా వాడినే

ఈ పాయింట్ రాయడానికి నాకు చేతులు వణుకుతున్నాయి, ఎందుకంటే ఇందులో తప్పు నాది కూడా.

మూడోవాడికి అప్పుడు పంతొమ్మిది. నా దగ్గరికి వచ్చి పద్నాలుగు నెలలు. ఒక రాత్రి పక్క షెడ్డులో లారీ బ్యాటరీలు రెండు పోయాయి. తెల్లారి జీపు నా షెడ్డు ముందు ఆగింది. "పాత కేసు ఉన్నవాడు నీ దగ్గర ఉన్నాడట" అన్నారు. ఎక్కించుకుపోయారు. రెండు రోజుల తర్వాత కుంటుకుంటూ వచ్చాడు. నేను ఏమైందని అడగలేదు. నా దగ్గర లారీలు పెట్టే ఓనర్లు ఏమనుకుంటారో అని, "కొన్నాళ్లు రాకు, నేనే కబురు చేస్తా" అన్నాను. కబురు చేయలేదు. బ్యాటరీలు తీసింది ఆ షెడ్డు కాపలావాడి బావమరిదని నెల తర్వాత తేలింది. నా కుర్రాణ్ని వెతుక్కుంటూ వెళ్లేసరికి వాడు అప్పటికే ఇంకో గుంపులో ఉన్నాడు. పేపర్లో "బ్లేడ్ బ్యాచ్" (బ్లేడ్లతో బెదిరించి దోచుకునే ముఠా) అని వచ్చిన ఫోటోలో వెనక నిలబడ్డవాణ్ని గుర్తుపట్టాను.

పోలీసులతో నాకు శత్రుత్వం లేదు. నా షెడ్డులో పోయిన గ్రైండరు మూడు రోజుల్లో పట్టుకుని తెచ్చిచ్చారు. (అది తీసింది, ఏ కేసూ లేని నా సొంత ఊరివాడు. ఇది మా షెడ్లో ఇప్పటికీ జోకు.) డిటెక్షన్ కావాలి, రికవరీ కావాలి అని పైనుంచి ఒత్తిడి ఉంటుందని కానిస్టేబుళ్లే చెప్పారు. పాతవాణ్ని తెస్తే పని త్వరగా అవుతుందని వాళ్ల లెక్క. కానీ వాడు పనిలో ఉన్న రోజు, షెడ్డులోంచి, పదిమంది చూస్తుండగా తీసుకెళ్తే వాడికి మర్నాడు ఆ పని ఉండదు. పని లేనివాడు ఎటు పోతాడో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

ఒకసారి పేరు పడితే ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. మాకు దగ్గర్లోనే, బాపట్ల పక్కన స్టువర్టుపురం ఉంది. 1871లో తెల్లవాళ్లు నేరస్త తెగల చట్టం తెచ్చి కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలని రాసేశారు. ఎరుకల కుటుంబాలను తెచ్చి స్టువర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థకు అప్పజెప్పారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. పేరు పోలేదు. ఆ ఊరి నుంచి వచ్చానంటే ఇల్లు అద్దెకు ఇవ్వని రోజులు మా నాన్న తరానికి బాగా తెలుసు. 1970లలో మా విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం గారు, కవి జాషువా గారమ్మాయి హేమలతా లవణం గారు ఆ ఊరెళ్లి, అక్కడివాళ్లతో కూర్చుని, దొంగతనం మానేస్తామన్నవాళ్లకు వేరే బతుకు చూపించే పని మొదలుపెట్టారు. ఎన్ని ఏళ్లు పట్టిందో చూడండి. ఒక ఊరి మీద పడ్డ ముద్ర తుడవడానికి అంత కష్టమైతే, ఇవాళ మనం ఒక్కో పేటలో ఒక్కో పిల్లాడి మీద కొత్తగా వేస్తున్న ముద్రలు ఎవరు తుడుస్తారు?

2024 మే నెలలో సుప్రీంకోర్టు ఢిల్లీకి చెందిన ఒక కేసులో హిస్టరీ షీట్ల (పాత నేరస్తుల మీద నిఘాకు పోలీసులు పెట్టుకునే రికార్డుల) గురించి చెప్పింది. మైనర్ల వివరాలు వాటిలోకి రాకుండా చూడాలని, వెనకబడ్డ వర్గాల అమాయకుల పేర్లు యాంత్రికంగా ఎక్కించకూడదని, మిగతా రాష్ట్రాలు కూడా తమ పద్ధతులు సరిచూసుకోవాలని. డీజీపీ గారిని అడుగుతున్నాను: మన రాష్ట్రంలో ఆ సరిచూసుకోవడం జరిగిందా? మైనర్‌గా ఉన్నప్పటి కేసును చూపించి సస్పెక్ట్ షీటు తెరిచినవి ఎన్ని? పండగలకు, ఎన్నికలకు బైండోవర్ చేసే (గొడవ చేయమని పూచీ రాయించుకునే) జాబితాల్లో పాతికేళ్ల లోపు వాళ్లు ఎంతమంది, వాళ్లలో రెండేళ్లుగా ఏ కేసూ లేనివాళ్లు ఎంతమంది? ఒకవేళ ఎవరినైనా అడగాల్సి వస్తే, పని ముగిశాక ఇంటి దగ్గర, మామూలు బట్టల్లో వచ్చి అడగమని మీ వాళ్లకు చెప్పండి.

5. కాగితం

నిలబడ్డ ఏడుగురిలో ఒకడి మాట ఇది. కొరియర్ కంపెనీలో వ్యాను డ్రైవరు ఉద్యోగం వచ్చింది, నాకంటే మంచి జీతం. సంతోషంగా పంపాను. పోలీసు వెరిఫికేషన్‌లో పదహారేళ్లప్పటి కేసు కనపడిందని వారంలో తీసేశారు. మైనర్‌గా ఉన్నప్పటి కేసు వల్ల ఏ అనర్హతా రాకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. అప్పీలు గడువు అయ్యాకో, ఏడేళ్ల లోపో ఆ రికార్డు ధ్వంసం చేయాలని రూల్సు ఉన్నాయి. ధ్వంసం చేశామని చెప్పే కాగితం మాత్రం ఎవరూ ఇవ్వరు. ఆ కుర్రాడి చేతిలో ఏముంటే కొరియర్ మేనేజరు నమ్ముతాడు?

కేసు ముగిసినరోజే బోర్డు తెలుగులో ఒక పేజీ ఉత్తర్వు పిల్లాడి చేతికివ్వాలి. వెరిఫికేషన్ చేసే విభాగానికి ఆ ఉత్తర్వు వెళ్లాలి. మైనర్ ఫోటోలు, పేరు, ఊరు పేపర్లకు ఇచ్చేవాళ్ల మీద 74వ సెక్షన్ కింద కేసు పెట్టాలి. ఆర్నెల్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉందట, ఎవరి మీదైనా పెట్టారా?

6. పద్దెనిమిది నిండిన మర్నాడు

నాలుగోవాడు. వీడి గురించి రాయాలంటే నాకు కోపం వస్తుంది, ఎవరి మీదో తెలీదు.

పదిహేడున్నరకు హోమ్ నుంచి వచ్చాడు. గంజాయి అలవాటు ఉంది. పన్నెండేళ్లప్పుడు వైట్‌నర్ పీల్చడంతో మొదలైందట. షెడ్డులో పొద్దున బాగానే ఉండేవాడు, మధ్యాహ్నం దాటితే చేతులు వణికేవి. వణికే చేతులతో గ్రైండరు పట్టుకోనివ్వలేను. సామాను గదిలో లెక్కలు చూడమన్నాను. డీఎడిక్షన్‌కు (మత్తు మాన్పించే వైద్యానికి) తీసుకెళ్దామంటే వాళ్లమ్మ ఒప్పుకోలేదు, అక్కడ పేరు రాస్తే పోలీసులకు వెళ్తుందని. నేనూ అదే నమ్మాను. స్వచ్ఛందంగా వైద్యానికి వచ్చిన అలవాటు పడ్డవాళ్లను చిన్న మోతాదు, వాడకం కేసుల్లో విచారణ నుంచి తప్పించే 64ఎ సెక్షన్ మత్తుమందుల చట్టంలోనే ఉందని తర్వాత తెలిసింది.

పద్దెనిమిది నిండిన నాలుగు నెలలకు ఒకడు 3,000 ఇస్తానని ఒక బ్యాగు ఇచ్చి రైలెక్కించాడు. ఏజెన్సీ కొండల నుంచి దిగిన సరుకు. బ్యాగులో ఎంత ఉందో వీడికి తెలీదు. తూస్తే 22 కిలోలు. గంజాయి 20 కిలోలు దాటితే కనీస శిక్ష పదేళ్లు. బెయిలు కూడా దాదాపు రాదు. బ్యాగు ఇచ్చినవాడు ఎవరో వీడికి సరిగా పేరు కూడా తెలీదు. ఇదే పని నాలుగు నెలల ముందు చేసి ఉంటే వీడు బోర్డు ముందుకు వెళ్లేవాడు, చట్టం వీణ్ని పిల్లాడి కిందే మొదట చూసేది, పిల్లాడితో సరుకు మోయించినవాడి మీద ఏడేళ్ల దాకా శిక్ష పడే కేసు ఉండేది. పుట్టినరోజు దాటింది కాబట్టి వీడే పెద్ద నేరస్తుడు అయ్యాడు. ఇప్పుడు జైల్లో పెద్దవాళ్లతో పాటు ఉన్నాడు. ములాఖత్‌కు వెళ్లినప్పుడు "మేస్త్రీ, ఇక్కడ నాకు బాగా తెలిసినవాళ్లు దొరికారు" అన్నాడు. నాకు ఆ మాట నచ్చలేదు.

హోమ్ నుంచి పద్దెనిమిదేళ్లకు బయటికొచ్చేవాళ్లకు ఆఫ్టర్‌కేర్ (బయట నిలదొక్కుకోవడానికి డబ్బు సాయం) ఇవ్వొచ్చని జువెనైల్ జస్టిస్ చట్టం 46వ సెక్షన్ చెబుతోంది. కేంద్రం మిషన్ వాత్సల్య అనే పిల్లల సంరక్షణ పథకంలో నెలకు 4,000 పెట్టింది. నా పదకొండు మందిలో ఆ డబ్బు ఒక్క నెలైనా అందుకున్నవాడు ఒక్కడూ లేడు. ఎలా దరఖాస్తు చేయాలో చెప్పినవాళ్లూ లేరు. ఇరవై ఒకటి నిండని యువకుడికి మామూలు కేసుల్లో జైలు వేసే ముందు ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకోవాలని, జైలు తప్పదనుకుంటే కారణాలు రాయాలని 1958 నాటి ప్రొబేషన్ చట్టం చెబుతోంది. కొత్త న్యాయ సంహితలో 5,000 లోపు విలువైన మొదటి దొంగతనానికి, సొమ్ము తిరిగిచ్చేస్తే, జైలు బదులు సమాజ సేవ పెట్టారు. మంచిదే. కానీ అదే సెక్షన్‌లో రెండోసారి శిక్ష పడితే కనీసం ఏడాది కఠిన జైలు. అంటే మొదటిసారికీ రెండోసారికీ మధ్య ఎవరూ పట్టించుకోకపోతే ఈ మంచి నిబంధన ఒక్కసారికే పనికొస్తుంది. ఇంకో చిక్కు ఉంది. విచారణ ఖైదీగా గరిష్ఠ శిక్షా కాలంలో మూడో వంతు గడిపితే మొదటిసారి వచ్చినవాణ్ని వదలాలని కొత్త చట్టం అంటోంది, ఒకటి కంటే ఎక్కువ కేసులు పెండింగులో ఉంటే మాత్రం ఆ నిబంధన కింద వదలకూడదంటోంది. చిన్నచిన్న కేసులు మూడు నాలుగు ఉండేది ఎవరికి? ఇలాంటి కుర్రాళ్లకే.

ప్రతి జిల్లాలో ఆఫ్టర్‌కేర్ డబ్బు ఎంతమందికి ఇచ్చారో ఏటా బయటపెట్టండి. డీఎడిక్షన్‌కు వస్తే కేసు పెట్టరని గోడల మీద రాయించండి. హైదరాబాద్ చంచల్‌గూడలో జైళ్ల శాఖ పెట్రోలు బంకులో శిక్ష ముగించుకుని వచ్చినవాళ్లకూ పని ఇస్తున్నారు. అలాంటి పనులు ఇక్కడ ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు ముందుగా ఇవ్వండి.

7. నా అర్జీలో అడిగింది

నేను అడిగింది పెద్ద కోరిక కాదు. బోర్డు తలచుకుంటే, విచారించి ఒక మనిషిని తగిన వ్యక్తిగా గుర్తించి పిల్లాణ్ని కొంతకాలం అతని సంరక్షణలో ఉంచొచ్చు. జువెనైల్ జస్టిస్ చట్టం 52వ సెక్షన్. నేను, మా ఆవిడ దానికి దరఖాస్తు పెట్టాం. ఇల్లు చూసుకోండి, ఆదాయం చూసుకోండి, నా గురించి వీధిలో విచారించుకోండి అన్నాం. కుదరదు అని రాసినా బాగుండేది. అసలు జవాబే లేదు.

రెండోది, అప్రెంటిస్ పథకంలో స్టైపెండులో పాతిక శాతం, నెలకు 1,500 దాకా కేంద్రం ఇస్తుంది. మా షెడ్లు అందులో చేరాలంటే కుర్రాడికి ఆధార్, బ్యాంకు ఖాతా, చదువు కాగితం ఉండాలి. హోమ్ నుంచి వచ్చినవాడికి ఆధార్‌లో పాత ఫోన్ నంబరు ఉంటుంది, ఖాతా ఉండదు, చదువు కాగితం బడిలో ఉంటుంది. హోమ్‌లో ఉన్న నెల రోజుల్లో ఈ మూడూ తయారు చేసి పంపొచ్చు కదా. అక్కడ వాడికి ఖాళీయే.

8. షెడ్ల యజమానులకు

అన్నా, తమ్ముళ్లూ, మనం కూడా అమాయకులం కాదు. పాత కేసు ఉన్నవాడని తెలిస్తే కూలీ వంద తగ్గించి ఇచ్చేవాళ్లు మనలో ఉన్నారు. ఎక్కడికీ పోలేడు కదా అని. తగ్గించిన ఆ వంద వాడు ఎక్కడో చోట వెతుక్కుంటాడు. జీపు వచ్చిన రోజు నేను చేసినట్టు మీరు చేయకండి. కనీసం "వాడు నిన్న రాత్రి తొమ్మిది దాకా నా దగ్గర పనిలో ఉన్నాడు" అని నిజం ఒక ముక్క చెప్పండి. నేను ఆ ముక్క చెప్పలేదు.

అసోసియేషన్ తరఫున ఏడాదికి ఇరవై మందిని తీసుకుందామని రెండుసార్లు మీటింగులో అడిగాను. టీ తాగి వెళ్లిపోయారు. మూడోసారి అడుగుతున్నాను.

పైనున్న అధికారులకు చివరిగా. ఈ లేఖ కాపీ రిజిస్టర్ పోస్టులో కూడా పంపుతున్నాను. అరవై రోజుల్లోపు మూడింటికి రాతపూర్వకంగా జవాబు కావాలి: ఆరు నెలలు దాటిన చిన్న కేసులు ఎన్ని మూశారు, ఆఫ్టర్‌కేర్ 4,000 ఎంతమందికి అందుతోంది, మైనర్ కేసులు ఆధారంగా తెరిచిన షీట్లు ఎన్ని తీసేశారు. జవాబు రాకపోతే ఇవే మూడు ప్రశ్నలు సమాచార హక్కు కింద ప్రతి జిల్లాకూ వేస్తాం, లాయరమ్మ దరఖాస్తులు రాసి పెట్టింది. నాకు మెసేజ్ పంపి పరిష్కరించొద్దు, దయచేసి.

షెడ్డులో ప్రస్తుతం రెండు ఖాళీలు ఉన్నాయి. ఒకటి పెయింటింగ్‌లో, ఒకటి సామాను గదిలో. రోజుకు 450, మధ్యాహ్నం భోజనం. బోర్డు వారు ఎవరినైనా పంపదలిస్తే వాయిదా రోజుల్లో సెలవిస్తాను, కూలీ కోయను.

ఇట్లు,
క్యాబిన్ షెడ్డు మేస్త్రి,
ఆటోనగర్, విజయవాడ